మత్తువైద్యుని ప్రక్కన నిలుచువారు

ఇంటర్మీడియెటు తరగతులలో జీవశాస్త్రమును చదువుచున్న మన బాలబాలికలను పిలిచి, మీరేమి కాదలచితిరని యడిగినచో, పలువురు తడుముకొనక డాక్టరు కాగోరుచున్నామని చెప్పుదురు. ప్రవేశపరీక్షా ఫలితములు వెలువడిన తరువాత ఆ ప్రశ్ననే మఱల నడుగుటకు మాకు నోరు రాదు. సీట్లు కొన్ని, కోరువారు పెక్కండ్రు. వైద్యశాల గడప లోపల తమకిక చోటు లేదని నిరాశపడి, మనసునకు పట్టని చదువులలో చేరినవారిని మేమెఱుగుదుము. రాజంపేట ప్రాంతమున వైద్యశాలయనగా డాక్టరు, నర్సు, కాంపౌండరు, ఈ మువ్వురే జనులకు కనబడుదురు. కాని శస్త్రచికిత్స జరుగు గదిలో, మూసిన తలుపుల వెనుక, రోగి తలాపున మఱియొకరు నిలిచియుందురు. మత్తుమందిచ్చు వైద్యునకు ఇతడు చేదోడు. అనస్తీషియా అసిస్టెంటనియు, టెక్నీషియననియు, టెక్నాలజిస్టనియు ఇతనికి పేళ్లు కలవు. ఈ పనివారిని తీర్చిదిద్దు విద్య ఎట్లు పుట్టినది, ఏల పెరుగుచున్నది, మన పిల్లలకు ఇందేమి దారి కలదు అను సంగతులను ఈ సంవత్సరపు పత్రికలో వివరింపదలచితిమి.

మత్తుమందు కనుగొనబడక పూర్వము శస్త్రచికిత్స యనగా నలుగురు బలవంతులు రోగిని పట్టుకొనుట, వైద్యుడు ఎంత వేగముగా కోయగలడో అంత వేగముగా కోయుట. 1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికా దేశములోని బోస్టను నగరమున మార్టనను దంతవైద్యుడు ఈథరు ఆవిరిని పీల్పించి ఒక రోగిని నొప్పి తెలియని స్థితికి తెచ్చెను. వార్త ఓడలమీద వచ్చి, 1847 మార్చి నాటికే కలకత్తాలో ఈథరు వాడబడెను. ఆ యేటనే నవంబరులో ఎడింబరో నగరమున సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. దీని వాసన ఈథరువలె ఘాటైనది కాదు. చిన్న సీసాలో ఇముడును. ఒక గుడ్డమీద కొన్ని చుక్కలు చాలును. నిప్పునకు మండదు గనుక దీపముల వెలుతురున పనిచేయు వైద్యులకు మఱింత అనుకూలమయ్యెను. లోకమంతయు దానివైపు మ్రొగ్గెను. అయితే 1848 జనవరి నెలలో ఇంగ్లండునందు 15 ఏండ్ల బాలిక యొకతె, కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి, కొన్ని నిమిషములలో ప్రాణము విడిచెను. గోరు తీయుటకు పోయి ప్రాణము పోయినదను మాట విని వైద్యులు దిగ్భ్రమ చెందిరి. ఈ మందు ఊపిరి నాపి చంపునా, గుండె నాపి చంపునా? ఈ ప్రశ్న అర్ధశతాబ్దము వైద్యులను రెండు పక్షములుగా చీల్చెను.

ఈ తగవు మన తెలుగునేలకు వచ్చిన వైనము మిక్కిలి చిత్రముగా నుండును. బోస్టనులో ఈథరు పరీక్షింపబడిన 1846వ సంవత్సరముననే హైదరాబాదులో వైద్యపాఠశాల స్థాపింపబడెను. నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు మూలమిదియే. 1880 దాటిన పిదప దీనికి అధ్యక్షుడుగా నుండిన ఎడ్వర్డు లారీ, ఎడింబరోలో చదివినవాడు. క్లోరోఫారము గుండెకు హాని చేయదని నమ్మినవాడు. నాడి పట్టి చూచుట వ్యర్థము, ఊపిరి నొక్కదానిని గనిపెట్టియుండిన చాలునని అతని వాదము. దానిని నిరూపించుటకై ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రభుత్వము 1888లో ఒక సంఘమును నియమించెను. సంఘము కుక్కలమీద పరీక్షలు చేసి లారీ పక్షముననే తీర్పు చెప్పెను. లండను నగరపు లాన్సెట్ వైద్యపత్రిక ఆ తీర్పును నమ్మలేదు. అంతట నిజాము వేయి పౌనుల ధనమిచ్చి, మీ మనిషినే పంపి పరీక్షింపుడని కోరెను. 1889లో లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు హైదరాబాదునకు వచ్చెను. వందలకొలది జంతువులమీద మఱల పరీక్షలు జరిగెను. అవిశ్వాసముతో వచ్చిన బ్రంటను సయితము లారీ వాదమునకే ఒప్పుకొనెను.

ఆ పరీక్షల కాలముననే ఆ పాఠశాలలో చదివి 1889లో పట్టము పొందిన రూపాబాయి ఫర్దూంజీ అను పారసీక వనిత క్లోరోఫారము నిచ్చుటయే తన ప్రధానవృత్తిగా గ్రహించెను. మత్తువైద్యమును చేపట్టిన ప్రపంచ స్త్రీలలో ఈమెయే మొదటిదని వైద్యచరిత్రకారులు చెప్పుదురు. 1909లో ఎడింబరోకు పోయి మఱల విద్యార్థినియై భౌతిక రసాయన శాస్త్రములను చదివెను. తన చేతిలోని ఆవిరి ఏమియో, అది యేల అట్లు ప్రవర్తించునో తెలిసికొనుటకే ఆ వయసున సముద్రము దాటినది. బడికి దూరమని పిల్లలను మానిపించు తలిదండ్రులు ఈ మాటను రెండుమాఱులు చదువవలెనని మా మనవి.

ఇంతకు హైదరాబాదు తీర్పు నిజమేనా? సగము నిజము. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు పిల్లులమీద పరీక్షించి, క్లోరోఫారము చాలీచాలని మోతాదులో ఇచ్చినప్పుడు, భయముచేతనో బాధచేతనో దేహమున అడ్రినలిను పొంగి గుండె లయతప్పి ఒక్కసారిగా నిలిచిపోవునని చూపెను. అనగా నాడి నంటనక్కఱలేదన్న లారీ మాట తప్పు. ఊపిరినుండి చూపు మరల్పరాదన్న మాట మాత్రము ఒప్పు, నేటికిని ఒప్పే. మన గడ్డమీది యీ పాత తగవును ఇంత దీర్ఘముగా వ్రాయుటకు కారణము కలదు. శస్త్రవైద్యుని చూపు గాయముమీద నుండును. రోగి ఊపిరిమీద చూపు నిలుపువారెవరు? మా వ్యాసమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

పూర్వము ఈ పనికి ఎవరు చేతికందిన వారే. చిన్న వైద్యశాలలలో కాంపౌండరో, విద్యార్థియో, దాదియో గుడ్డమీద చుక్కలు వేయుచుండెడివారు. అమెరికాలోని మేయో సోదరుల వైద్యశాలలో ఆలిస్ మెగా అను దాది ఈ పనిలో ఆరితేరి, 14,000 మందికి పైగా రోగులకు మత్తుమందిచ్చి ఒక్కరిని కూడ మత్తువలన పోగొట్టుకొనలేదని 1906లో ప్రకటించెను. 1915లో క్లీవ్‌లాండు నగరమున దాదులకు మత్తుమందు నేర్పు పాఠశాల యేర్పడెను. దాదుల కిది తగునా తగదా యని అప్పుడే వ్యాజ్యెములు పుట్టినవి. కాలక్రమమున వైద్యులే దీనిని ప్రత్యేకవిద్యగా స్వీకరించిరి.

అటుపిమ్మట 1942లో మాంట్రియలు నగరమున గ్రిఫిత్ అను వైద్యుడు క్యురారే యనుదానిని వాడెను. దక్షిణ అమెరికా అడవులలో వేటగాండ్రు బాణములకు పూయు విషమది. అది కండరములను సడలించును. కడుపు మెత్తబడును గనుక శస్త్రవైద్యునికి పని తేలిక. కాని ఊపిరి తీయు కండరములు కూడ సడలిపోవును. అంతవరకు రోగి తన ఊపిరి తానే పీల్చుచుండెను. ఇప్పుడు అతని ఊపిరిని మత్తువైద్యుడే పీల్పింపవలసి వచ్చినది. గొంతులో గొట్టము దింపవలెను, సంచి నొత్తవలెను, నాడి చూడవలెను, రక్తపుపోటు కొలువవలెను, నరమునకు మందెక్కింపవలెను. ఇన్ని పనులకు రెండు చేతులు చాలవు. సహాయకుడు ఆనాటినుండి అవసరమయ్యెను.

మేమొకమాఱు అనుమతి పొంది, వేషము మార్చుకొని, ఒక వైద్యశాలలోని శస్త్రచికిత్సా మందిరమున ఉదయము ఏడుగంటలకే ప్రవేశించితిమి. వైద్యులింకను రాలేదు. పాతికేండ్ల యువకుడొకడు ఒంటరిగా మత్తుయంత్రము ముందు నిలిచి పనిచేయుచుండెను. 1917లో దీని పూర్వరూపమును నిర్మించిన ఆంగ్లవైద్యుని పేరున మన వైద్యశాలలలో దీనిని నేటికిని బాయిల్ యంత్రమనియే పిలుచుదురు. అతడు మొదట గోడనుండి వచ్చు ఆక్సిజను ఒత్తిడిని చూచెను. గోడలోని సరఫరా నిలిచిపోయినచో ఆదుకొనుటకు యంత్రము వెనుక తగిలించిన బుడ్డిని తెఱచి, ముల్లు ఎంతవఱకు లేచునో చూచి, మఱల మూసెను. తెల్లని భుజములు గల నల్లని బుడ్డి ఆక్సిజనుది. నీలపుది నైట్రస్ ఆక్సైడుది. రంగును చూచి పొరపడినను ఒకదాని చోట మఱియొకటి తగులకుండునట్లు బుడ్డి మెడమీద రంధ్రములును, యంత్రమున దానికి సరిపోవు మేకులును వేర్వేఱు తావులలో అమర్చియుండును. ఎవరో చచ్చినగాని ఇట్టి యేర్పాటు పుట్టదు సుమా, అని ఆ యువకుడు నవ్వక చెప్పెను.

పిదప రోగి ముఖమునకు తగులు గొట్టపు కొనను అరచేత మూసి, గాలి నింపి, ఒత్తిడి నిలుచునో కాఱునో చూచెను. రోగి విడిచిన బొగ్గుపులుసు గాలిని పీల్చుకొను సున్నపు గుళికల రంగు మాఱినదా యని పరికించెను. గొంతులో చూచు దీపము వెలుగునా? గొట్టము చివరి చిన్న బుడగ గాలి నిలుపునా? కఫమును, వాంతిని పీల్చివేయు యంత్రము పనిచేయునా? యంత్రము లన్నియు మొరాయించినను చేతితో నొత్తి ఊపిరి పోయదగు సంచి దగ్గఱ నున్నదా? మందులు నింపిన సిరంజిలకు రంగు చీటీలు అంటించియుండెను. నిద్ర పుచ్చు మందునకు పసుపు, కండరములు సడలించుదానికి ఎఱుపు, నొప్పి మాన్పు నల్లమందు జాతికి నీలము. పేరు చదువు తీరిక లేని నిమిషమున రంగే హెచ్చరికయగును. ఇదంతయు ముగియుటకు అరగంట పట్టినది. ఏ రోగియు ఈ అరగంటను చూడడు. దీనికి కృతజ్ఞత చెప్పినవారిని తానింతవఱకు చూడలేదని ఆ యువకుడనెను.

తరువాత వచ్చిన రోగి నిండుచూలాలు. శస్త్రచికిత్సచే బిడ్డను తీయవలసియుండెను. ఇట్టివారికి పెక్కుమాఱులు పూర్తి మత్తు ఈయక నడుమున వెన్నులో సూదితో మందెక్కింతురు. 1898లో జర్మనుడైన బీర్ చూపిన పద్ధతి యిది. సహాయకుడు ఆమెను కూర్చుండబెట్టి, వెన్ను విల్లువలె వంగునట్లు భుజములు పట్టి, చెవిదగ్గఱ మెల్లగా మాటలాడుచుండెను. ఆ రెండు నిమిషములు ఆమె కదలకుండుట అతని మాటమీదనే ఆధారపడినది. నడుమున సూది వేసినచో జన్మమంతయు నడుమునొప్పి యుండునని మన యూళ్లలో స్త్రీలు చెప్పుకొందురు. సూది పడినచోట కొన్ని దినములు నొప్పి యుండవచ్చును. జన్మాంతము ఉండుననుటకు మాత్రము ఆధారము లేదు. పిల్లల నెత్తుట, నీళ్లు మోయుట, వంగి కలుపు తీయుట మొదలగువాని పాపమంతయు పాపము ఆ సూదిమీద పడినది.

పూర్తి మత్తు ఈయవలసి వచ్చినప్పుడు సహాయకుని పని మఱింత సున్నితము. ముందుగా రోగిచే మూడు నిమిషములు శుద్ధమైన ఆక్సిజనును పీల్పింతురు. మనము పీల్చు గాలిలో ఆక్సిజను 21 పాళ్లే. శుద్ధ ఆక్సిజనుతో ఊపిరితిత్తులు నిండినచో, తరువాత ఊపిరి ఆగినను ఆరోగ్యవంతునికి కొన్ని నిమిషముల గడువు దొరకును. లేనిచో ఒకటి రెండు నిమిషములలోనే ప్రమాదము. ఆ గడువులో గొట్టము దింపవలెను. కడుపులో ఆహారమున్న వారికి అది పైకి పొంగి ఊపిరితిత్తులలో పడకుండ సహాయకుడు గొంతుమీది ఉంగరపు మృదులాస్థిని వ్రేళ్లతో అదిమి పట్టును. సెల్లిక్ అను ఆంగ్లవైద్యుడు 1961లో దీనిని ప్రకటించెను. ఇది యెంతవఱకు ఫలించునో యని నేటి వైద్యులలో వాదములున్నను, పట్టవలసినప్పుడు సరియైన చోట సరియైన బలముతో పట్టుట అభ్యాసమువలననే యబ్బును.

ఇక్కడ ఒకమాట చదువరుల ఇండ్లకు సంబంధించినది. శస్త్రచికిత్సకు ముందు ఆఱుగంటలు ఏమియు తినరాదు, రెండుగంటలు నీరు కూడ త్రాగరాదని వైద్యులు చెప్పుదురు. బరువైన భోజనమునకు ఎనిమిదిగంటలు. బిడ్డ ఆకలికి తాళలేడని తల్లి చాటుగా సంగటిముద్ద పెట్టి, అడిగినప్పుడు ఏమియు పెట్టలేదని చెప్పుట కలదు. ప్రేమచే పెట్టిన ముద్ద ఊపిరితిత్తులలో పడునని ఆమె యెఱుగదు. రోగిని గది లోపలికి తీసికొనిపోవునప్పుడు ఈ ప్రశ్నను కడసారి యడుగువాడు పెక్కుచోట్ల ఈ సహాయకుడే. మన భాషలో, మన యాసలో, బెదిరింపక అడుగువానికే నిజము చెప్పుదురు. కావున ఈ పనికి మన ప్రాంతపు పిల్లలు కావలెనని మేమనుట ఉత్త అభిమానము కాదు.

ఇక శిక్షణ సంగతి. అమెరికాలో 1960 దాటిన తరువాత మత్తువైద్యులు చాలక, గ్రావెన్‌స్టైన్, స్టైన్‌హౌస్, వోల్పిటో అను మువ్వురు ఆచార్యులు ఆలోచించి, వైద్యునికిని పనివానికిని నడుమ, శాస్త్రము బాగుగా నేర్చిన సహాయకుని ఒకనిని తయారుచేయవలెనని నిశ్చయించిరి. యంత్రములు నానాటికి పెరుగుచుండుటచే భౌతికశాస్త్రము తెలిసినవారు కావలెనని వారి యభిప్రాయము. 1969 ప్రాంతమున క్లీవ్‌లాండులోని కేస్ వెస్టర్న్ రిజర్వ్, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయములలో ఈ విద్య మొదలయ్యెను. చిరకాలము ఆ రెండే. నేడు ఆ దేశమున ఇట్టి విద్యాలయములు ఇరువదికి పైగా నున్నవి. పట్టభద్రులైనవారు మఱి రెండేండ్లకు మించి చదివి, పరీక్ష నిచ్చి, మత్తువైద్యుని పర్యవేక్షణలో మందు నిచ్చుటకు సయితము అర్హత పొందుదురు. అయినను అన్ని రాష్ట్రములు వీరిని అంగీకరింపలేదు. మత్తు నేర్చిన దాదుల సంఘములకును వీరికిని పోరు నడచుచునే యున్నది.

ఇంగ్లండునందు 2004 ప్రాంతమున ఇట్టి సహాయకుల శిక్షణ ఆరంభమై, వైద్యులే దానిపై తిరుగబడిరి. 2023 అక్టోబరులో మత్తువైద్యుల రాజకళాశాల సభ్యులు క్రొత్తవారిని చేర్చుకొనుట ఆపవలెనని తీర్మానించిరి. 2024 డిసెంబరునుండి వైద్యమండలి వీరిని తన పట్టికలో నమోదు చేయసాగెను. రోగులు వీరిని డాక్టర్లని భ్రమింపకుండుటకై పేరునందే అసిస్టెంటు అను మాట యుండవలెనని 2025లో ఒక విచారణ నివేదిక సిఫారసు చేసెను. పేరుకొఱకు ఇంత కలహమా యని కొందఱు నవ్వవచ్చును. మాకు నవ్వు రాలేదు. స్మృతి తప్పబోవు మనిషికి, తన్ను మేల్కొలుపు బాధ్యత ఎవరిదో తెలిసికొను హక్కు కలదు.

మన దేశమున సంగతి వేఱు. ఇక్కడ మత్తుమందిచ్చుట వైద్యుని పని. సహాయకుడు యంత్రములను సిద్ధపఱచుట, రోగిని కనిపెట్టుట, వైద్యునికి అందిచ్చుట చేయును. అమెరికా సహాయకుని పేరును చూచి, ఇక్కడను అట్లే మందీయవచ్చునని భావించుట పొరపాటు; కొందఱు విద్యావ్యాపారులు ఈ పొరపాటును బుద్ధిపూర్వకముగా పెంచుచున్నారు. వైద్యుల కొఱతకు మన ప్రభుత్వము వేఱొక ఉపాయము పన్నినది. కాన్పు కష్టమైన తల్లులకొఱకు, ఎం.బి.బి.ఎస్. వైద్యులకే 18 వారములు ప్రాణరక్షక మత్తువిద్య నేర్పు పథకమది. సహాయకుల చదువు చిరకాలము ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగా నడచెను. 2012లో కేంద్ర ఆరోగ్యశాఖకు సమర్పింపబడిన నివేదికయొకటి ఈ గందరగోళమును ఎత్తిచూపెను. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ సంఘపు చట్టమును చేసెను. అందలి వృత్తుల పట్టికలో మత్తు సహాయకులును, టెక్నాలజిస్టులును పేరుపెట్టి చేర్చబడిరి. ఇట్టి వృత్తికి కనీసము 2,000 గంటల విద్య, రెండు మొదలు నాలుగేండ్ల కాలములో జరుగవలెననియు, ప్రతి రాష్ట్రమున మండలి యేర్పడి పేర్లు నమోదు చేయవలెననియు చట్టము శాసించుచున్నది. అంతకుముందు ఈ పనివాడు చట్టము కంటికి ఆనలేదు.

మన రాష్ట్రమున రెండు మార్గములు ఏర్పడియున్నవి. రాష్ట్ర పారామెడికల్ బోర్డు నడపుచు వచ్చిన రెండేండ్ల డిప్లొమా ఒకటి. విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము క్రింద కళాశాలలలో నేర్పు బి.ఎస్.సి. రెండవది, మూడేండ్లు చదువు, ఒక యేడు వైద్యశాలలో పనిచేయుచు నేర్చుకొనుట. తిరుపతిలోని స్విమ్స్ సంస్థయందును ఈ పట్టపు చదువు కలదు. దేహనిర్మాణము, దేహధర్మము, మందుల గుణములు, వాయువుల భౌతికశాస్త్రము, యంత్రముల పోషణ, క్రిమిసంహారము మొదలైనవి పాఠ్యవిషయములు. మన తరగతులలో బాయిలు సూత్రమును ఒత్తిడియు ఘనపరిమాణమును అని గొణుగుచు వల్లెవేయు పిల్లలు, ఆ సూత్రముతోనే బుడ్డిలో ఇంకెంత సేపటికి ఆక్సిజను మిగిలినదో లెక్కకట్టవచ్చునని తెలిసినచో ఇంత నిద్రపోరు. సూత్రము వ్రాసిన బాయిలు వేఱు, యంత్రపు బాయిల్ వేఱు. పరీక్షలో కలిపి వ్రాయకుడు.

ఆ లెక్క ఎంత విలువగలదో 2021 మే నెలలో రాయలసీమకంతటికి తెలిసివచ్చినది. తిరుపతిలోని ఒక పెద్దాసుపత్రిలో ఆక్సిజను ఒత్తిడి కొన్ని నిమిషములు పడిపోగా, ప్రభుత్వపు లెక్క ప్రకారము 11 మంది కోవిడ్ రోగులు మరణించిరి. ఆ యంత్రముల నెఱిగిన మనుషులు ఎందఱున్నను చాలని దినములవి.

మన ప్రాంతమునకు ఈ విద్య మఱియొక విధమున కూడ అవసరము. చెయ్యేటి ఒడ్డున పొలములలోను, శేషాచలపు అంచున అడవిపల్లెలలోను రాత్రివేళ పాము కఱచుట క్రొత్త కాదు. నాగుపాము, కట్లపాము విషము క్యురారేవలెనే కండరములను చచ్చుబఱచి ఊపిరి నాపును. విషపు విరుగుడు మందు పనిచేయువఱకు గొట్టముతోనో సంచితోనో ఊపిరి పోసినచో మనిషి బ్రతుకును. శస్త్రచికిత్సకొఱకు నేర్చిన చేయి ఇక్కడ అట్లే యక్కఱకు వచ్చును. కడపకో తిరుపతికో చేరులోపల దారిలో ఆ సంచిని లయతప్పక ఒత్తగలవాడు ఒక్కడుండినను చాలును. 2015లో లాన్సెట్ నియమించిన సంఘము, భూమిమీద 500 కోట్లమందికి సురక్షితమైన శస్త్రచికిత్సయు మత్తువైద్యమును అందుబాటులో లేవని లెక్కకట్టినది. అందులో మన పల్లెలవారును కొందఱుందురని ఊహించుటకు లెక్కలక్కఱలేదు.

ఇంత చెప్పి, చేదునిజమును దాచుట న్యాయము కాదు. ప్రైవేటు వైద్యశాలలలో ఈ పనివారికి జీతము చదువునకు తగినట్లు లేదను మొఱ మేము పలుమాఱులు వింటిమి. రాత్రిపనులు తప్పవు, గంటలకొలది నిలుచుట తప్పదు. అంతకంటె పెద్ద కీడు గుర్తింపు లేని శిక్షణాలయములు. మా పాఠశాలలో చదివిన బాలుడొకడు, ప్రకటన చూచి ఒకచోట చేరి, తండ్రి గొఱ్ఱెలమ్మి తెచ్చిన సొమ్ము కట్టి, రెండేండ్లు చదివి, ముద్ర వేసిన పత్రముతో వచ్చెను. ఉద్యోగమునకు పోయినచోట ఆ పత్రము చెల్లదనిరి. ఆ రెండేండ్లలో అతడు నిజమైన మత్తుయంత్రమును చూచినది మూడుసార్లు మాత్రమేనట. చేరకముందు మూడు ప్రశ్నలు అడుగవలసియుండినదని అతడే మాకు చెప్పెను. పరీక్ష పెట్టి పట్టమిచ్చునది ఏ విశ్వవిద్యాలయము లేక ఏ బోర్డు? ఆ జాబితాలో ఈ కళాశాల పేరు ఈ సంవత్సరమున ఉన్నదా? శిక్షణ జరుగు వైద్యశాల ఏది, అందు దినమునకు ఎన్ని శస్త్రచికిత్సలు జరుగును? జవాబును నోటిమాటగా గాక వ్రాతలో తీసికొనవలెను. విశ్వవిద్యాలయపు కార్యాలయమునకే పోయి సరిచూచుకొనవలెను.

తలిదండ్రులు మఱియొకటి యడుగుచున్నారు: ఆడపిల్లల కిది తగునా? రూపాబాయి సంగతి పైన వ్రాసితిమి. కాన్పుగదిలో వణకుచున్న చూలాలి భుజము పట్టుటకు ఆడపిల్లకంటె తగినవారెవరో మాకు తెలియదు.

గొఱ్ఱెలమ్మి చదివిన ఆ బాలుడు మఱల మొదటి సంవత్సరమున చేరినాడు. ఈమాఱు చేరుటకు ముందు తండ్రిని వెంటబెట్టుకొని బస్సెక్కి పోయి, జాబితాలో కళాశాల పేరును వ్రేలితో చూపి చదివి వినిపించెనట. క్రిందటి నెల మాకు వ్రాసిన జాబులో, తెల్లవాఱుజామున యంత్రమును పరీక్షించు పనిని తనకు అప్పగించిరనియు, మొదటిదినమున గొట్టపు కొనను మూసి పట్టిన అరచేయి చెమటచే జాఱుచుండెననియు వ్రాసినాడు.